పోలిక లేని బొమ్మలో తప్పు యాడ దొరుకుతాది?

అనంతపురంలో మా బావ ఇంటి ఎనకాల రేకుల షెడ్డొకటి ఉండాది. లోపలికి పోతానే యాప చెక్క వాసన, అవిసె నూనె వాసన, వాటి మధ్యలో ఏదో నీచు కలిసిన పుల్లటి వాసన వస్తాది. ఆ మూడోది చింతమొద్దుది. మటన్ అంగడి భాయ్ దగ్గర అడిగి తెచ్చుకున్నాడు దాన్ని. ఇరవై ఏండ్లకు పైన దాని మీద కత్తి పడి పడి నడిమధ్యలో గుంట పడింది, ఇంక ముక్కలు కుదురుగా నిలబడటం లేదని భాయ్ కొత్త మొద్దు తెప్పిచ్చుకున్నాడు, పాతది ఈయన కడిగి, సున్నం పూసి, మళ్ళా కడిగి, నీడలో పెట్టినాడు. "ఎందుకు బావా ఇది, నీళ్ళు కాచుకునేకా?" అని నేను నవ్వితే, "ఆ గుంట చూడు, నువ్వు పేపర్ మీద గీయి చూద్దాం దాన్ని" అన్నాడు. గీసినా. రాలేదు.

మా బావ చేసేది అబ్‌స్ట్రాక్ట్, అంటే దేని పోలికా లేని చెక్క శిల్పాలు. వాళ్ళ నాయన, అంటే మా మామ, ఎద్దులబండ్లు చేసేవాడు, ఈయన ఆ రంపం పొట్టులోనే పెరిగి తర్వాత ఈ పనిలోకి వచ్చినాడు. షెడ్డుకు వచ్చినోళ్ళు అందరూ అడిగేది ఒక్కటే, "ఇదేందప్పా?" అని, కొందరు మర్యాదకు "బాగుంది" అని ఫోన్‌లో ఫోటో తీసుకుని పోతారు. నా డౌటు మాత్రం ఎప్పుడూ వేరే. వినాయకుడి బొమ్మ చెక్కేటప్పుడు తొండం విరిగితే అది తప్పని చిన్నపిల్లోడికి కూడా తెలుస్తాది. దేని పోలికా లేని బొమ్మలో తప్పెట్ల తెలుస్తాది? తప్పే లేకుంటే పనితనం కూడా లేనట్టే కదా, ఎవరైనా గొడ్డలెత్తి నాలుగేట్లేసి శిల్పం అనేయొచ్చు కదా. ఈ డౌటు పట్టుకుని ఆయన ఎనకాల చానా రోజులు తిరిగితే నాకు అర్థమైనకాడికి రాస్తాండా.

మొదట మాట దగ్గరే తిరకాసుంది. తెలుగులో దీన్ని నైరూప్య శిల్పం అంటాం. వినేకి రూపం లేనిది అన్నట్టుంటాది, కానీ విషయం పూర్తిగా ఉల్టా. వినాయకుడి బొమ్మలో రూపం గురించి మనం పెద్దగా పట్టించుకోం, వినాయకుడా కాదా అని చూసి దండం పెట్టుకుంటాం, పొట్ట వంపు యాడ మొదలై యాడ ఆగిందో ఎవరు చూస్తారు. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలో చూసేకి ఆ వంపు తప్ప ఇంకేమీ ఉండదు. లేనిది పోలిక, రూపం కాదు. నన్నడిగితే దీనికి "పోలిక లేని శిల్పం" అని పేరు పెట్టుంటే సగం గొడవ పోయేది.

ఈ పోలిక గొడవ కోర్టు దాకా కూడా పోయింది. కాన్‌స్టాంటిన్ బ్రాంకుషి అని రుమేనియా పల్లెటూరాయన, ప్యారిస్‌లో ఉండి బొమ్మలు చేసేవాడు. ఆయన కంచు బొమ్మ 'బర్డ్ ఇన్ స్పేస్' 1926లో అమెరికాకు పోతే కస్టమ్స్ వాళ్ళు దాన్ని చూసి దీంట్లో పక్షి యాడుంది, రెక్కల్లేవు, ముక్కు లేదు, ఈకల్లేవు అని, శిల్పానికైతే పన్నుండదు కదా, దీన్ని తీసుకుపోయి వంట సామాన్లూ ఆస్పత్రి సామాన్లూ ఉండే లిస్టులో పడేసి 40 శాతం పన్నేసినారు. కేసు నడిచి 1928లో జడ్జీలు ఇది శిల్పమే అని తీర్పిచ్చినారు. పక్షిలా ఉండాల్సిన పని లేదని ఒప్పుకున్నట్టే అది. ఈ కథ చెప్పినప్పుడు మా బావ "వంట సామాన్లు అనడంలో తప్పేముంది, మంచి గరిటె వంపు చూసినావా ఎప్పుడైనా" అన్నాడు, ఆయన అంతే.

మనకు ఇది కొత్తేమీ కాదు కూడా. పూరీ జగన్నాథుడు యాపమాను. చేతులు మొండిగా ఉంటాయి, కాళ్ళు లేవు, కళ్ళు రెండు గుండ్రాలు. 2015లో నవకళేబరం, అంటే పాత విగ్రహాల తావులో కొత్తవి చెక్కి పెట్టే పండగ, జరిగినప్పుడు మాన్లు వెతికి తెచ్చి మళ్ళా అట్లే మొండిగా చెక్కినారు, చేతులు పూర్తి చేద్దాం అని ఎవరికీ అనిపియ్యలేదు. ఆయన ముందర నిలబడి "ఇదేందప్పా" అని అడిగినోళ్ళని నేనైతే చూడలేదు. అయితే ఒక తేడా ఉండాది, అక్కడ భక్తి మనకు ముందే తెలుసు కాబట్టి బొమ్మ వివరం చెప్పుకోనక్కర్లేదు. షెడ్డులోని మొద్దుకు ఆ సహాయం లేదు, దాని బతుకు అదే బతకాల.

ఇంక పని సంగతి. బ్రాంకుషి కాలానికి పేరున్న శిల్పులు చానామంది మట్టితో నమూనా చేసి, రాతిలోకి దింపేది పనోళ్ళకు అప్పజెప్పేవాళ్ళు. ఈయన ఉలి తనే పట్టినాడు, నేరుగా చెక్క మీదో రాయి మీదో పోయినాడు. 1918లో ఓక్ చెక్కతో ఆయన చేసిన 'ఎండ్‌లెస్ కాలమ్' రెండు మీటర్లుంటాది, ఒకే ఆకారం కిందికీ పైకీ రిపీట్ అయితా పోతాది, యాడ మొదలో యాడ చివరో తెలీదు. ఆ తర్వాత 1938లో రుమేనియాలో తిర్గు జియు ఊర్లో అదే ఐడియాను ఇనుముతో 29 మీటర్ల ఎత్తున నిలబెట్టినాడు. కానీ పుట్టింది చెక్కలోనే, రుమేనియా పల్లెల్లో ఇండ్ల వసారా స్తంభాలు చెక్కిన కొయ్యవే ఉంటాయి, చిన్నప్పట్నుంచి చూసిన కన్ను.

నేరుగా చెక్క మీదికి పోవడం అంటే మనసుకు ఏదొస్తే అది చేయడం అనుకుంటారు, నేను కూడా అట్లే అనుకున్నా. కాదు. చెక్క చేయనియ్యదు. నా డౌటుకు సగం జవాబు ఇక్కడే దొరికింది.

రాయి కొట్టినాక అట్లే పడుంటాది. చెక్క అట్ల కాదు, కదుల్తానే ఉంటాది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ మానును కొట్టేసి, కోసి, తలుపు చేసి బిగిచ్చినాక కూడా వంగుతాది, వానాకాలంలో దేవుడి గది తలుపు పట్టేసేది అందుకే కదా. పచ్చి చెక్కలో నీళ్ళు రెండు తావుల్లో ఉంటాయి, సన్న గొట్టాల్లాంటి కణాల లోపల కొన్ని, ఆ గొట్టాల గోడల్లో కొన్ని. లోపలి నీళ్ళు పోతే బరువు తగ్గుతాది అంతే, ఆకారం మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగినాక గోడల్లోని నీళ్ళు పోవడం మొదలైతాది, అప్పట్నుంచి చెక్క ముడుచుకుంటాది. అసలు తంటా ఏందంటే అన్ని పక్కలా ఒకేలా ముడుచుకోదు. పొడుగునా దాదాపు ఏమీ తగ్గదు. నడిమి నుంచి బెరడు వైపుకు కొంచెం తగ్గుతాది. వలయాల వెంబడి, అంటే చుట్టూతా, దానికి ఇంచుమించు రెట్టింపు తగ్గుతాది. నడుం పెద్దగా తగ్గకుండా మొలతాడు మాత్రం బిగుసుకుంటా పోతే ఏమైతాది? తెగుతాది. మానును అడ్డంగా కోసిన గుండ్రటి బిళ్ళ యాడైనా చూడండి, నడిమి నుంచి అంచుదాకా ఒక చీలిక నోరు తెరుచుకుని ఉంటాది. మా మామ ఏ రోజూ బండి చక్రాన్ని ఆ బిళ్ళతో చేయలేదు, నడిమి నుంచి అంచుకు పోయే ఆకులు వేరే, చుట్టూ వంపు ముక్కలు వేరే, అన్నీ నార పోయే దిక్కు చూసి కోసి, పైన ఇనుప పట్టా కాల్చి బిగిచ్చేవాడు. ఆయనకు సైన్సు తెలీదు, చీలిక తెలుసు.

మరి మటన్ మొద్దు కూడా అడ్డంగా కోసిందే కదా అంటారు. కరెక్టే, అది కూడా చీలుతాది, కానీ చింతచెక్కలో నార ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాది, కత్తి దిగినా పెచ్చు లేవదు, మాంసంలో పేళ్ళు రావు, రోజూ నీళ్ళు పడతా ఉంటాయి కాబట్టి పూర్తిగా ఎండే టైము కూడా దొరకదు. అంగట్లోంచి షెడ్డుకు వచ్చినాకే దానికి అసలు గండం. మన అనంతపురం సంగతి తెలుసు కదా, దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల కాడ ఉంటాది, మే నెలలో 40 డిగ్రీలు దాటుతాది. ఇట్లాంటి గాల్లో మొద్దు పైపొర గబగబా ఎండి ముడుచుకుంటాది, లోపల ఇంకా పచ్చిగానే ఉబ్బి ఉంటాది, ఇంక పైపొరకు చీలిపోవడం తప్ప దారి లేదు. అందుకని బావ మొద్దు రెండు కొసలకూ మైనం పూస్తాడు, లేకపోతే మిగిలిపోయిన పెయింటు, అది కూడా లేకపోతే పేడ. కొసల్లోంచే నీళ్ళు జోరుగా పోతాయి, అక్కడ మూస్తే పక్కల నుంచి నిదానంగా పోతాయి. పైన గోనెసంచి కప్పి పెడతాడు. అంగుళం మందానికి ఏడాది అని ఒక మోటు లెక్క, దాని ప్రకారం ఆయన షెడ్డులో కొన్ని మొద్దులు ఆయన కూతురు టెన్త్ పాసయ్యే టైముకు రెడీ అయితాయి.

చేవ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. చేవ చచ్చినోడు అని తిడతాం కదా, చెక్కలో చేవ అంటేనే చచ్చిన భాగం. మానులో ప్రాణంతో ఉండి నీళ్ళు పైకి మోసేది బెరడు కింద ఉండే తెల్ల చెక్క, నడిమి నల్లటి చేవలో బతికున్న కణాలే ఉండవు. పురుగు తెల్లదాంట్లో పడతాది, దాంట్లో పిండిపదార్థం ఉంటాది కాబట్టి. పల్లెల్లో కొట్టిన మానును చెరువులో నెలల తరబడి నానేసేది దానికే, ఆ తీపంతా నీళ్ళలోకి దిగిపోతే పుచ్చు పట్టదు. చెరువుల్లో నీళ్ళుంటే కదా నానేసేది అని మా బావ ఒక నిట్టూర్పు.

ఏ చెక్క తీసుకోవాలా అనేది కూడా బొమ్మలో సగం. యాప దొరుకుతాది, పురుగు పట్టదు, కానీ దాంట్లో కూడా నార అటొక పొర ఇటొక పొర పోతాది, చిత్రిక పడితే ఒక తావు నున్నగా వచ్చి పక్కనే గరుకు లేస్తాది. నల్లతుమ్మ గట్టిది, మామ ఇష్టం. ఎర్రచందనంతో చేయొచ్చు కదా, కడప కొండలు దగ్గరే కదా అని ఉచిత సలహా ఇచ్చేవాళ్ళుంటారు. పర్మిట్లు, కేసులు ఒక పక్క పెట్టినా, బావ జవాబు వేరే: "ఆ చెక్క చూస్తానే జనం ఆ రంగు చూసి, దాని రేటు లెక్కేసుకుంటారు, ఇంక నా వంపు ఎవరు చూస్తారు." ఆయనకు నిజంగా ముద్దొచ్చేది కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ. మనం పొయ్యిలోకి, బొగ్గుల బట్టీలోకి తప్ప పనికిరాదనుకునే ముండ్లకంప. దాని దాయాది చెట్టు మెస్కీట్‌తో అమెరికాలో టెక్సాస్ వాళ్ళు ఫర్నిచర్ చేసుకుంటారు, ఎండినా తక్కువ ముడుచుకునే చెక్కని దానికి పేరు. మన కంప లావుగా దొరకదు, తిన్నగా అసలే దొరకదు. తిన్నగా ఎవరికి కావాల అంటాడు ఈయన.

ఇప్పుడు పని చేసేటప్పుడు చూడాల. మొద్దును నిలబెట్టి, పడుకోబెట్టి, తలకిందులు చేసి వారం రోజులు ఊరికే తిరుగుతాడు దాని చుట్టూ. మా అక్క "పని చేసేది ఎప్పుడు, ప్రదక్షిణాలు చేసేది ఎప్పుడు" అని అరుస్తాది. తర్వాత చైన్ సాతో పెద్ద పెద్ద ముక్కలు తీసేస్తాడు, ఇది ఒక పూట పని, దాని తర్వాత కొడతి, ఉలి, నెలల పని. నార వాలుకు ఉలి పోతే చెక్క పొర సన్నగా చుట్టుకుని లేస్తాది, ఎదురుకు పోతే పెచ్చు లేచి గుంట పడతాది. కాబట్టి వంపు యాడ ఎక్కి యాడ దిగాలనేది సగం నారే చెప్తాది. ముడి వస్తే దాన్ని దాటలేవు, దాని చుట్టూ తిరగాల. ఇక్కడ తప్పు అంటే చేతికి తెలిసే తప్పు. నార అటు పోతాంటే వంపును ఇటు లాగినావనుకో, ఆ తావు పెళుసుగా అయిపోయి ఎప్పుడో ఒకరోజు విరుగుతాది, విరగకముందే కంటికి కూడా అక్కడ ఏదో బలవంతం చేసినట్టు కనిపిస్తాది. అది నాకు కూడా కనిపియ్యడం మొదలైంది, దానికి రెండేండ్లు పట్టింది.

బొక్కలు ఎందుకు పెడతారు అని చానామంది అడుగుతారు. బార్బరా హెప్‌వర్త్ అని ఇంగ్లండ్ శిల్పి, ఆమెకు 1954లో నైజీరియా నుంచి గ్వారియా అనే వాసన చెక్క 17 టన్నులు వచ్చింది. ఆ దుంగల్ని ఆమె లోపలికి తొలుచుకుంటా పోయి, వాటిల్లో కొన్నిటికి లోపల తెల్ల రంగు పూసింది, బయట ఎర్రటి చెక్క నున్నగా, లోపల తెల్లటి గుహ. అందం సంగతి సరే, దాంట్లో పనిమంతుల ఉపాయం కూడా ఉండాది. మొద్దు నడిగుండెను తీసేస్తే ఆ మొలతాడుకు కొంచెం సందు దొరుకుతాది, మందం అంతా ఒకే లెక్కన ఉంటే ఎండటం కూడా ఒకే లెక్కన ఎండుతాది, చీలికలు తగ్గుతాయి. బొక్క పెట్టినాకే ఈ పక్క నుంచి ఆ పక్కకు చూపు పోతాది, బొమ్మకు వీపు, ముఖం అనేది లేకుండా పోతాది.

చీలికను తప్పు అనుకోనోళ్ళు కూడా ఉండారు. డేవిడ్ నాష్ అని వేల్స్‌లో ఉంటాడు, పచ్చి చెక్కతోనే చేస్తాడు, చెక్క ఎట్ల చీలితే అట్ల చీలనీ అని వదిలేస్తాడు. 1978లో ఓక్ దుంగతో పెద్ద బండరాయంత గుండు చెక్కి, వాగులో దింపి ఇంటికి తెచ్చుకుందాం అనుకుంటే మధ్యలో ఇరుక్కుపోయింది. సరే ఉండనీ అని వదిలేసినాడు. వరద వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం జరుక్కుంటా ఏండ్ల తరబడి పోయి పోయి 2003 నాటికి సముద్రం ముఖాన నది నీళ్ళలో కనపడకుండా పోయింది, ఈయన దాని ఎంటబడి ఫోటోలు తీసుకుంటా ఉన్నాడు. నాకు ఈ కథ చానా ఇష్టం. మా బావకు అంత కాదు, "వాళ్ళకు వాగుల్లో నీళ్ళుంటాయి, ఏమైనా చేస్తారు" అన్నాడు.

చీలికల్లో బావ లెక్క ఇది: తనంతట తాను వచ్చిన చీలికను దాచొద్దు. ఒకసారి ఫెవికాల్‌లో రంపం పొట్టు కలిపి పూడ్చి, రంగు కలిపి, ఎవరికీ కనపడకుండా చేసినాడు, బ్రహ్మాండంగా కుదిరింది, ఎండాకాలం వచ్చేసరికి ఆ పూడిక పక్కన కొత్త చీలిక వచ్చింది. ఆ బొమ్మ ఇప్పుడు గేటు దగ్గర చెప్పులు విప్పేటప్పుడు కూర్చునే బల్ల.

అయితే నేను అడిగిన తప్పు ఇది కాదు, ఇదంతా వడ్రంగం తప్పు. అసలు తప్పు ఏందో ఒకరోజు కండ్లారా చూసినా. ఒక యాప బొమ్మ, నడుమెత్తు ఉంటాది, కింద బరువుగా మొదలై పైకి పోయే కొద్దీ సన్నబడి ఒక పక్కకు ఒరిగేది. నాలుగు నెలలు చేసినాడు. పక్కింటి పిల్లోడు లోపలికొచ్చి "బాతు!" అన్నాడు. అంతే, ఇంక మాకెవరికీ బాతు తప్ప ఇంకేమీ కనపడలేదు. మెడ, తల, కింద పొట్ట. బావ పొద్దున దాకా నిద్రపోలేదంట, తెల్లారి రంపం తీసుకుని పైన జానెడు కోసేసినాడు. "బాగానే ఉండింది కదా బావా" అంటే "బాతు అనుకున్నాక ఎవరూ దాని చుట్టూ తిరగరు, పేరు దొరికింది కదా, ఇంటికి పోతారు" అన్నాడు. మామూలు బొమ్మలో పోలిక రాకపోతే తప్పు, ఇక్కడ పోలిక దొంగతనంగా లోపలికొస్తే తప్పు. నున్నటి వంపు చేస్తే పిర్రలాగానో గుమ్మడికాయలాగానో అనిపియ్యడం చానా ఈజీ, ఆ ఈజీని తప్పిచ్చుకుంటా పోవడమే ఈ పనిలో పెద్ద బాధ. నిలబెట్టినది తలకిందులు చేస్తా ఉండేది కూడా దానికే, ఒక పక్క నుంచి దొరకని బాతు ఇంకో పక్క నుంచి దొరుకుతాది.

ఫినిషింగ్ గురించి ఎక్కువ చెప్పను. కొన్నిటికి ఉలి గాట్లు అట్లే ఉంచుతాడు, కొన్నిటికి 80 నంబర్ పేపర్ నుంచి 400 దాకా రుద్దుతాడు, తర్వాత అవిసె నూనె. ఒక్కటి మాత్రం చెప్పాల, నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయొద్దు, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడతాది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. మన ఎండల్లో రేకుల షెడ్డులో అడగాల్నా. తీగ మీద పరిచి ఆరేయండి.

ఆపేది ఎప్పుడు అనేది నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. లేపాక్షి గుడి పక్కన కల్యాణ మండపం చూసుంటారు, స్తంభాల మీద బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, పైన కప్పు లేదు, పని మధ్యలో ఆగిపోయింది. అక్కడ నిలబడి "ఇది కూడా బాగానే ఉంది కదా, ఇట్లే ఆపేసినారు అనుకుందాం" అన్నా. బావ ఒప్పుకోలేదు. "వాళ్ళు ఆపలేదు, ఆగిపోయింది. స్తంభాలన్నీ కప్పు కోసం ఎదురు చూస్తాండాయి, కనపడలేదా నీకు?" మళ్ళా చూస్తే నిజమే, ప్రతి స్తంభం తల మీద ఏదో మోసేకి రెడీగా ఉండాది. ఆయన బొమ్మల్లో ఇంకా దేనికోసమో ఎదురు చూస్తాండే తావు ఒక్కటి మిగిలినా పని అయిపోయినట్టు కాదంట.

మటన్ మొద్దు ఈ ఏడాది ఉగాదికి అయింది. బావ గుంటను ముట్టుకోకూడదు అనుకున్నాడు మొదట, చుట్టూ ఉండే చెక్కను మాత్రం తీసుకుంటా పోయి, గుంట అంచు ఒక పెదవిలాగా పైకి లేచేటట్టు చేసినాడు, కింద పక్క తొలిచి బరువు తగ్గిచ్చినాడు, చీలికను అట్లే వదిలేసినాడు. కానీ గుంట ఒక పక్క ఎక్కువ లోతు, ఇంకో పక్క తక్కువ, చూసేకి ఒరిగినట్టు ఉందని తక్కువ పక్కను గుండ్రం మూతి ఉలితో కొంచెం తీసి సమానం చేసినాడు. నాకు భలే కుదిరిందనిపిచ్చింది. ఫోటోలు తీసి అందరికీ పంపినా.

భాయ్‌ను చూసేకి పిలిచినాం. శుక్రవారం నమాజ్ అయినాక వచ్చినాడు, టోపీ తీసి జేబులో పెట్టుకుని దాని చుట్టూ ఒక తిరుగు తిరిగినాడు. ఇదేందప్పా అని అడగలేదు. బొటనవేలు గుంటలో పెట్టి అంచు వెంబడి నిదానంగా తిప్పుకుంటా పోయినాడు, సగం దూరం పోయి ఆగినాడు.

"ఈ పక్క నువ్వు తీసినావా?"

"ఊ, కొంచెం. ఎందుకు భాయ్?"

"నాది ఎడమచెయ్యి కదా. నా కత్తి ఈ పక్క పడనే పడదు."

బావ ఏమీ మాట్లాడలేదు. టీ తాగి, భాయ్ బండి స్టార్ట్ చేసుకుని పోయినాక గోనెసంచి తెచ్చి బొమ్మ మీద కప్పినాడు. నేను వారం తర్వాత పోతే అది మళ్ళా బల్ల మీదే ఉండాది, కొత్త పొట్టు కింద పడుండాది, గుంట ఎడమపక్కకు ఇంకా లోతుగా, ఇంకా ఒరిగి ఉండాది.